కడుపునొప్పి తాళలేక

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గర్భిణికి మెడ కింద ఉన్న ప్రతి భాగానికీ ప్రభుత్వం దగ్గర ఒక గడి ఉంది. బరువుకో గడి, బీపీకో గడి, షుగరుకో గడి, మూత్రానికో గడి. కడుపు ఎంత ఎత్తు పెరిగిందో టేపు పెట్టి కొలుస్తారు. పాదాలు నొక్కి నీరు పట్టిందేమో చూస్తారు. మెడ పైభాగానికి వచ్చేసరికి ముఖ్యమైన పని ఒక్కటే మిగులుతుంది: కంటి కింది రెప్ప లాగి చూడటం. ఎర్రగా ఉంటే రక్తం ఉన్నట్టు, పాలిపోతే లేనట్టు. ఆ కంట్లో నీళ్లుంటే మాత్రం వాటికి తల్లీబిడ్డల కార్డులో చోటు లేదు. తుడుచుకుని రమ్మంటారు, రెప్ప సరిగ్గా కనపడటం లేదని.

దీన్ని నిర్లక్ష్యం అంటే నేను ఒప్పుకోను. ఇంత కట్టుదిట్టంగా, ఇన్నేళ్లుగా, ఏ పార్టీ వచ్చినా తప్పిపోకుండా సాగుతున్న పనికి ఆ పేరు పెట్టడం అన్యాయం. ఇదొక విధానం. అమ్మకు మనసంటూ వేరే ఉండదు, ఉన్నదంతా మమకారమే అన్నది ఆ విధానం. మమకారానికి మందులు అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు, బడ్జెట్టు అసలే అక్కర్లేదు. మాతృ దినోత్సవం నాడు మంత్రిగారి పేరుతో ఓ సందేశం చాలు.

అయితే ఈ మమకారం కొన్నిసార్లు లెక్క తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 2017లో ఒక సమీక్ష అచ్చయింది. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాల్లోని 20,043 మంది తల్లుల వివరాలు కలిపి చూస్తే, కాన్పు తర్వాత కుంగుబాటులో పడ్డవారు నూటికి 22 మంది. దక్షిణాదిని విడిగా తీస్తే 26. అంటే బాలింతల వార్డులో వరసగా నాలుగు మంచాలు చూసుకుంటూ పోతే ఒక మంచం మీద. మరి మన రాష్ట్రాల సంగతేమిటంటారా? 2015-16లో కేంద్రం జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేయించింది, 12 రాష్ట్రాల్లో. ఆ పన్నెండులో మణిపూర్ ఉంది, ఛత్తీస్‌గఢ్ ఉంది, మన ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. అడగని ఊళ్లో జబ్బుండదు కదా, మనం హాయిగా ఉన్నాం.

ఇవ్వడంలో మాత్రం మన సర్కార్లకు వంక పెట్టలేం. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో 16 వస్తువులు ఉండేవి: సబ్బు, నూనె, పౌడరు, దోమతెర, ఆటబొమ్మ, తల్లికి చీర. పైగా నగదు ఇచ్చేవారు, మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేలు. ఆంధ్రలోనూ బేబీ కిట్లు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. అధికారం మారినప్పుడల్లా పెట్టె మీద బొమ్మ మారడం తప్ప లోపలి సబ్బుకు ఏ సిద్ధాంతమూ లేదు. కేంద్రం వాటా మాతృవందన: మొదటి కాన్పుకు 5 వేలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే 6 వేలు.

ఆడబిడ్డకు ఆ అదనపు వెయ్యి ఎందుకో మనందరికీ తెలుసు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. పేదరికం, భర్త చేతిలో దెబ్బలు, పుట్టింది ఆడపిల్ల కావడం, ఇవి కాన్పు తర్వాతి కుంగుబాటుకు గట్టి కారణాలని అది చెప్పింది. కాబట్టి సర్కారుకు ఈ జబ్బు తెలియదనుకోవడం మన అమాయకత్వం. తెలుసు. వెయ్యి రూపాయల మోతాదు సరిపోతుందని అంచనా వేసింది, అంతే.

కోతలోనూ మనమే ముందు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు, దేశంలోనే మొదటి స్థానం. ప్రైవేటు ఆసుపత్రులను విడిగా చూస్తే 81.5. వీటిలో కొన్నింటికి పంచాంగం చూసి ముహూర్తం పెట్టిస్తారు. ఏ ఘడియలో కొయ్యాలో పంతులుగారిని అడుగుతారు, డబ్బు ఎవరు కడతారో అల్లుడుగారిని అడుగుతారు, ఎవరి పోలికో చుట్టాలందరినీ అడుగుతారు. కోయించుకున్న మనిషిని ఒక్కటే అడుగుతారు: పాలు పడ్డాయా?

పురుడయ్యాక ఆశా కార్యకర్త ఇంటికొస్తుంది. ఆసుపత్రి కాన్పయితే 42 రోజుల్లో ఆరుసార్లు రావాలి. ఆరుసార్లకూ కలిపి ఆమెకు ముట్టేది 250 రూపాయలు. ఆమె చేతిలోని ఫారంలో బిడ్డ ఒంటి వేడి ఉంది, బొడ్డు ఉంది, తల్లి రోజుకు ఎన్నిసార్లు కడుపునిండా తింటోందో ఉంది, ఎన్ని గుడ్డలు మారుస్తోందో ఉంది. మనసు మాట ఎత్తలేదని నింద వేయకండి, అదీ ఉందండోయ్! తల్లి అసంబద్ధంగా మాట్లాడుతోందా, లేక మూర్ఛ వస్తోందా అని ఒక ప్రశ్న. రెండింటికీ ఒకే గడి. బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టక గోడవైపు తిరిగి పడుకున్న తల్లి, బిడ్డను ఒళ్లో పెడితే ఏమీ అనిపించక, అనిపించనందుకు భయపడుతున్న తల్లి, నేను లేకపోతేనే వీడు బాగుపడతాడని లోలోపల లెక్క కడుతున్న తల్లి, వీళ్లంతా ఆ ఫారం ప్రకారం ఆరోగ్యవంతులు. సర్కారు కంట పడాలంటే మూర్ఛపోవాలి, లేదంటే పిచ్చిమాటలు మాట్లాడాలి. మధ్యలో ఆగిపోయిన బాధ చెల్లదు.

తప్పు ఆశాది కాదు. ఆమె చేతికి ఏ ఫారం ఇస్తే అది నింపుతుంది. ఏ యాప్ ఇస్తే అందులో ఎక్కిస్తుంది. ఆమె మనసు గురించి కూడా ఏ ఫారమూ లేదు.

ఇక ఇల్లు. ఇంట్లో వైద్యం మరీ పకడ్బందీ. పచ్చి ఒళ్లని తలకు గుడ్డ చుడతారు, చెవుల్లో దూది పెడతారు, సాంబ్రాణి పొగ వేస్తారు. కారప్పొడి అన్నం, వెల్లుల్లి, తగ్గించి ఇచ్చే నీళ్లు. గది దాటకూడదు. చూడటానికి వచ్చినవాళ్లు బిడ్డను చూస్తారు, బాలింతను దాటుకుంటూ వెళ్లి. ఆమె ఏడిస్తే వెంటనే నిపుణుల బోర్డు కూర్చుంటుంది. "ఏడవకమ్మా, పాలు విరిగిపోతాయి" అంటుంది తల్లి. ఏడుపులో ఆమెకు కనపడిన నష్టం పాలే. "మేం కనలేదా? పొద్దున కలుపు తీసి మధ్యాహ్నం కన్నాం, ఈ రోగాలన్నీ మాకు రాలేదు" అంటుంది అత్తగారు. రాలేదో, వస్తే చెప్పుకోవడానికి మనిషి దొరకలేదో ఆమెకే తెలియాలి. ఆవిడ కళ్లలోకి చూసి ఆ ప్రశ్న అడిగినవాళ్లు కూడా లేరు. పోయిన తరాన్ని చూపించి ఈ తరం నోరు మూయించడం మన ఇళ్లలో అనాదిగా ఉన్న చికిత్స. ఖర్చు లేదు.

ఈ విషయంలో న్యాయంగా మాట్లాడుకుంటే, మన పల్లెల్లో మానసిక వైద్యం అందరికీ సమానంగా అందిస్తున్న వ్యవస్థ ఒక్కటే ఉంది: తాయెత్తు కట్టేవాడు. నవ్వకండి. ఆయన ఊళ్లోనే ఉంటాడు, బస్సెక్కనక్కర్లేదు. ఆధార్ అడగడు. రిఫరల్ చీటీ అడగడు. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేస్తాడు. కోడలి మీద ఎవరి దృష్టి పడిందో, ఎప్పుడు మొదలైందో, ఎవరు ఏమన్నారో రెండు గంటలు కూర్చుని వింటాడు. సర్కారు దవాఖానాలో రెండు నిమిషాలు ఎవరు వింటున్నారు? కులం, మతం పట్టింపూ లేదు, దర్గాకు అందరూ వెళ్తారు, గుళ్లోనూ అందరినీ కూర్చోబెడతారు. వైద్యం అందుబాటు గురించి సదస్సులు పెట్టే పెద్దలు ముందు ఆయన దగ్గర పాఠం చెప్పించుకోవాలి. ఆయన దగ్గర లేనిది ఒక్కటే, వైద్యం. వెయ్యిమంది బాలింతల్లో ఒకరిద్దరికి మొదటి రెండు వారాల్లోనే తీవ్రమైన మతిభ్రమ వస్తుంది. నిద్ర పూర్తిగా పోతుంది, లేని మాటలు వినపడతాయి, బిడ్డ గురించి వింత భయాలు పుడతాయి. అది గంటల మీద ఆసుపత్రికి చేర్చాల్సిన అత్యవసరం. సరైన మందు పడితే తగ్గే జబ్బు కూడా. తాయెత్తు పనిచేయలేదని తేలడానికి మూడు అమావాస్యలు పడుతుంది. అప్పటికి కొందరు తల్లులు ఉండరు.

అలా లేకుండా పోయినవాళ్ల కోసం మన భాషలో ఒక వాక్యం సిద్ధంగా ఉంది. జిల్లా పేజీలో, లోపల, మూడు అంగుళాల్లో: కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య. దశాబ్దాలుగా అచ్చవుతున్న వాక్యం. పోలీసులు అలా చెప్పారని విలేకరి అంటాడు. బంధువులు అలా రాసిచ్చారని పోలీసులంటారు. ఆ కడుపులోంచి ఆర్నెల్ల కిందటే ఒక బిడ్డ వచ్చిందన్న సంగతి ఆ మూడు అంగుళాల్లో పట్టదు. చివరి వరసలో 'ఆమెకు ఒక కుమార్తె' అని ఉంటుంది. పెళ్లయి ఏడేళ్లు దాటకపోతే తహసీల్దారు వచ్చి శవపంచనామా చేస్తారు, కట్నం కోణం చూస్తారు. చూడాల్సిందే. కానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును పిలిచి ఈ తల్లిని చివరిసారి ఎవరు పరీక్షించారు, ఏమడిగారు అని ఎవరూ అడగరు.

అందులో ఒక లాభం కూడా ఉంది. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు తెలంగాణలో 43, ఆంధ్రలో 45. దేశ సగటు 97. గర్వించదగ్గ సంఖ్యలే, రక్తస్రావాన్నీ గుర్రపువాతాన్నీ ఎదుర్కొని నర్సులూ డాక్టర్లూ కష్టపడి తెచ్చినవి. అయితే ఆ లెక్క 42వ రోజున ఆగిపోతుంది. 43వ రోజున పోయిన తల్లి ఆ పట్టికకు తల్లి కాదు. 42 రోజుల్లోపే ప్రాణం తీసుకున్నా ఆమె కాగితాలు పోలీస్ స్టేషన్‌కు పోతాయి, ఆరోగ్య శాఖకు కాదు. గర్భంతో ఉన్నప్పుడూ, కాన్పయ్యాకా జరిగే ఆత్మహత్యను ప్రత్యక్ష మాతృమరణంగానే లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే మార్గదర్శకం ఇచ్చింది. బ్రిటన్‌లో ప్రతి మరణాన్నీ తవ్వి చూస్తే తేలింది ఏమిటంటే, ఆరు వారాలు దాటాక ఏడాదిలోపు చనిపోయే తల్లుల విషయంలో ప్రత్యక్ష కారణాల్లో ఆత్మహత్యదే మొదటి స్థానమని. మన పక్కనే కేరళలో ప్రసూతి వైద్యుల సమాఖ్య 2004 నుంచి మాతృమరణాలను గోప్యంగా విచారిస్తోంది. అక్కడా ఆత్మహత్య ముఖ్య కారణాల్లో ఒకటిగా బయటపడింది. వెతికినవాళ్లకు దొరికింది. మనకు కడుపునొప్పి దొరికింది.

చట్టం లేదా అంటే, ఉంది. దివ్యంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 18వ సెక్షన్ ప్రకారం మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా అన్ని స్థాయుల్లో ఆ సేవలు ఉండాలి, ఎవరూ దూరాలు పోవాల్సిన పని ఉండకూడదు. చట్టం చెప్పిన కనీస సేవలు జిల్లాలో సర్కారు ఇవ్వలేకపోతే ఆ జిల్లాలో వేరేచోట చూపించుకోవచ్చు, ఖర్చు సర్కారుది. మళ్లీ చదవండి: ఖర్చు సర్కారుది. ఈ మాట రాసిన బోర్డు ఏ ఆసుపత్రి గోడ మీదైనా మీ కంటపడిందా? పొగ తాగరాదు, ఉమ్మరాదు అన్న బోర్డులు మాత్రం చదివి చదివి నోటికొచ్చేశాయి.

21వ సెక్షన్ ఇంకా ముచ్చటైనది. మానసిక వైద్యశాలలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. బిడ్డకు ప్రమాదమని డాక్టరు అనుకుంటేనే వేరు చేయాలి, అదీ తాత్కాలికంగా, పదిహేను రోజులకోసారి ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలిస్తూ. రాసినవాళ్లెవరో గాని తల్లి మనసు తెలిసి రాశారు. అమలు చేయడానికి కావలసింది తల్లీబిడ్డా కలిసి ఉండే వార్డు. దేశంలో అలాంటి మొదటి వార్డు బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009లో మొదలైంది. మంచాలు ఐదు. ఉట్నూరులో జబ్బుపడ్డ బాలింతకు ఆ ఐదింట్లో ఒకటి దొరకాలంటే ముందు తానెవరో, ఆ జబ్బేమిటో, బెంగళూరు ఎటువైపో ఎవరైనా చెప్పాలి.

మానసిక ఆసుపత్రులంటారా, మనకు ఎర్రగడ్డ ఉంది, విశాఖలో చినవాల్తేరు ఉంది. అక్కడి డాక్టర్లు చూడటం మానలేదు. మనమే ఆ ఊళ్ల పేర్లను తిట్లుగా మార్చుకున్నాం. సినిమాలో హాస్యనటుడు తిక్కగా మాట్లాడితే ఎర్రగడ్డ, ఆఫీసులో ఎవరైనా గట్టిగా అరిస్తే ఎర్రగడ్డ. వందల సినిమాలు కలిసి వేసిన ఆ గేటు దాటి, చంకలో నెలల బిడ్డతో ఒక ఆడమనిషి ఓపీ చీటీ రాయించుకోవాలి. తర్వాత ఆ చీటీ అత్తింట్లో ఎవరి కంటా పడకుండా దాచుకోవాలి. ఎందుకంటే విడాకుల కాగితాల్లో అది పనికొస్తుంది. మన ఆడపిల్లలు మందులు అట్ట నుంచి తీసి పారాసిటమాల్ డబ్బాలో వేసుకుని మింగుతున్నారంటే తప్పు వాళ్లదా? ఇక కొందరికి గర్భం రాకముందు నుంచే మందులు నడుస్తుంటాయి. నెల తప్పిందని తెలియగానే పక్కింటావిడ నుంచి మందుల షాపు కుర్రాడి దాకా అందరూ కలిసి అవి ఆపించేస్తారు. వాటిలో ఏది ఆపాలో, ఏది మార్చాలో, ఏది కొనసాగించాలో సైకియాట్రిస్టు చెప్పాలి. ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు చూశారా, ముందే పిచ్చి ఉందట అంటారు.

డబ్బున్నవాళ్ల సంగతి వేరు. హైదరాబాద్‌లో ఇప్పుడు గర్భం ఒక ప్యాకేజీ. కడుపు మీద చేతులు పెట్టి ఫొటోషూట్, సీమంతానికి ఈవెంట్ మేనేజర్, కాన్పు గదిలో సన్నటి సంగీతం, డిశ్చార్జి రోజు కేకు. అదనంగా డబ్బు కడితే కౌన్సెలింగూ దొరుకుతుంది. గంట మాట్లాడినందుకు మిరప కోతల కూలీకి మూడు నాలుగు రోజుల సంపాదన. బీమా ఉందిగా అనకండి. మానసిక జబ్బుకూ శరీర జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని అదే 2017 చట్టం చెప్పింది. బీమా సంస్థలు శిరసావహించాయి. ఆసుపత్రిలో మంచమెక్కితే ఇస్తామన్నాయి. కుంగుబాటుకు వైద్యం ఎక్కువగా జరిగేది కుర్చీలో కూర్చుని. కుర్చీ చాలా పాలసీల్లో లేదు.

కొలువు చేసే తల్లికి 26 వారాల సెలవు ఇస్తూ 2017లోనే ప్రసూతి చట్టాన్ని సవరించారు. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే తల్లికి సెలవు పెట్టాలంటే బీడీలు చుట్టడం ఆపాలి, ఆపితే జీతం ఆగుతుంది. ఆమె రెండో వారానికే చాట ముందు కూర్చుంటుంది. కుంగిపోవడానికి తీరిక ఎక్కడిదని మనం నిశ్చింతగా ఉండొచ్చు.

తండ్రుల గురించి ఒక్క మాట. వాళ్లూ కుంగిపోతారు, ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపితే పదిమందిలో ఒకరని తేలింది. మన ఆచారంలో మొదటి కాన్పు పుట్టింట్లో, కాబట్టి తండ్రి తన బిడ్డకు ఆదివారం చుట్టం. కేంద్ర ఉద్యోగి అయితే 15 రోజుల సెలవు, ప్రైవేటు కొలువైతే మేనేజర్ దయ. ఆసుపత్రి అప్పు, రాని నిద్ర, ఎవరితోనూ అనలేని భయం. అయితే మగవాడి దిగులు విషయంలో మన ప్రభుత్వాల చిత్తశుద్ధిని శంకించలేం. ప్రతి ఊళ్లోనూ కౌంటరు తెరిపించాయి, పొద్దుపోయేదాకా ఉంటుంది, ఎక్సైజు శాఖ స్వయంగా చూసుకుంటుంది. ఆ కౌన్సెలింగ్ ముగించుకుని ఇంటికొచ్చిన భర్త చేతి వేళ్లు బాలింత వీపు మీద కనపడతాయి.

ఇంతకీ ఇది తీర్చలేని సమస్యా? పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో అతీఫ్ రెహమాన్ బృందం ఒక పని చేసింది. మన ఆశాల్లాంటి ఆడవాళ్లకే, డాక్టర్లకు కాదు, కుంగిపోయిన గర్భిణులతో ఎలా మాట్లాడాలో, వాళ్ల ఆలోచనలను మెల్లగా ఎలా మళ్లించాలో నేర్పింది. ఇళ్లకు వెళ్లి మాట్లాడారు, ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టారు. బిడ్డకు ఆర్నెల్లు వచ్చేసరికి ఇంకా కుంగుబాటులో ఉన్నవారు 23 శాతం. ఈ మాటలేవీ లేకుండా మామూలు సందర్శనలు జరిగిన ఊళ్లలో 53 శాతం. 2008లో లాన్సెట్‌లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత దాన్నే పుస్తకంగా వేసి దేశదేశాలకూ ఇచ్చింది. పాకిస్తాన్ నుంచి నేర్చుకోవడం దేశద్రోహమైతే కేరళ నుంచి నేర్చుకోవచ్చు, అక్కడ 'అమ్మ మనసు' అనే కార్యక్రమం కింద గర్భిణులనూ బాలింతలనూ మనసు గురించి అడుగుతున్నారు. పరీక్షకు యంత్రాలు అక్కర్లేదు. ఎడిన్‌బరో ప్రశ్నావళి అని 1987 నుంచీ ఉంది, పది ప్రశ్నలు, చదవడానికి అయిదు నిమిషాలు. నెలనెలా 9వ తేదీన ప్రతి గర్భిణినీ డాక్టరు చూసే రోజు 2016 నుంచే పెట్టుకున్నాం. ఆ రోజు, ఆ వరసలో, ఆ బల్ల దగ్గరే అడగొచ్చు. కావలసింది అడిగాక ఏం చేయాలో తెలిసిన మెడికల్ ఆఫీసరు, మందులున్న అలమర, జిల్లా ఆసుపత్రిలో బిడ్డతో సహా చేర్చుకునే నాలుగు మంచాలు.

అడగడం మొదలుపెడితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. పథకం వస్తుంది. దానికి ముఖ్యమంత్రి పేరుంటుంది. యాప్ వస్తుంది. తల్లి సంతోషంగా ఉన్నట్టు జియోట్యాగ్ ఫొటో ఎక్కించాలన్న ఆదేశం వస్తుంది. ఆశా బాలింత గడ్డం పట్టుకుని, "నవ్వమ్మా, ఒక్కసారి నవ్వు, సర్వర్ డౌన్ అయ్యేలోపు" అని బతిమాలుతుంది. నవ్వని తల్లి ఉన్న పీహెచ్‌సీకి మెమో ఇస్తారు. మూడో నెలకు రాష్ట్రం నూటికి నూరు శాతం నవ్వుతుంది, కలెక్టర్‌కు అవార్డు వస్తుంది, పెట్టెలో పదిహేడో వస్తువుగా ఒక స్మైలీ బంతి చేరుతుంది.

ఈమధ్య ఆంధ్రలో పెద్దలకు పిల్లల మీద బెంగ పట్టుకుంది. జనాభా ముసలిదైపోతోంది, ఇంకా కనండి అంటున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ఎంతమందిని కనాలో చెప్పే హక్కు ఏ ముఖ్యమంత్రికీ లేదు, అప్పుడు ఆపమన్నప్పుడూ లేదు, ఇప్పుడు కనమన్నప్పుడూ లేదు. అయినా అడుగుతున్నారు కాబట్టి కనే మనిషి తరఫున ఒక బేరం: మూడో బిడ్డ గురించి ప్రసంగించే ముందు మొదటి బిడ్డ తల్లికి నిద్ర పడుతోందో లేదో కనుక్కోండి.

ఈ లోపల మీ ఇంట్లోనో, మీ వీధిలోనో బాలింత ఉంటే 14416 నంబరు ఆమెకు చెప్పండి. టెలీ మానస్, ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. నంబరు చెప్పి ఊరుకోకండి. ఫోను ఆమె చేతికిచ్చి, బిడ్డను మీరెత్తుకుని, గది తలుపు వేసి బయటికి రండి. ఎవరితో మాట్లాడావని అడగకండి.

ఆ తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని సమాచార హక్కు చట్టం కింద మీ జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి రాయండి. పోయిన ఏడాది మన జిల్లాలో గర్భంతో ఉండగా గానీ, కాన్పయిన ఏడాదిలోపు గానీ ఆత్మహత్య చేసుకున్నవారు ఎందరు, వారిలో మాతృమరణాల లెక్కలోకి ఎక్కినవారు ఎందరు? బిడ్డతో సహా తల్లిని చేర్చుకునే మానసిక చికిత్స మంచాలు జిల్లాలో ఎన్ని, ఎక్కడ? కనీస సేవలు అందక 18వ సెక్షన్ కింద వేరేచోట చూపించుకున్నవారికి సర్కారు ఇప్పటిదాకా కట్టిన ఖర్చు ఎంత? జిల్లా కార్యాలయానికి దరఖాస్తు రుసుము 10 రూపాయలు. జవాబు 30 రోజుల్లోపు ఇచ్చి తీరాలి.